తెల్ల లాల్చి మీద ఎర్ర చుక్క

మొన్న కరీంనగర్ల ఒక ఫ్లెక్సీ దుకాణానికి పోయిన. మనుమరాలి పుట్టినరోజుకు బ్యానర్ కావాలన్నరు ఇంట్ల. ముప్పై ఏండ్లు గోడల మీద అక్షరాలు రాసినోన్ని, పోయి ఇంకొకని ముంగట "బిడ్డా, జర పేరు రాసియ్యరాదు" అని నిలబడ్డ. ఏం చేస్తం, మోకాళ్ళు నిచ్చెన ఎక్కమంటే ఎక్కుతలేవు.

కంప్యూటర్ ముంగట డిజైనర్ పిలగాడు కూసున్నడు. నల్ల టీషర్టు, నల్ల ప్యాంటు, నల్ల టోపీ. బయట ఎండలు మండుతున్నయి.

"మాల ఏసినవా బిడ్డా? గీ ఎండకాలంల ఏం మాల?" అన్న.

పిలగాడు నవ్విండు. "అయ్యప్ప మాల కాదు అంకుల్. గిది నా స్టేట్‌మెంట్. నలుపు ఏసుకుంటే, నన్ను కాదు నా పనిని చూడున్రి అని చెప్పినట్టు."

మంచి మాటనే అనుకున్న. గని ఆని ఎద మీద ఆని పేరే జానెడు అక్షరాలతోని అచ్చయి ఉంది. కండ్లద్దాలు లేకుంట చదివిన.

"మీ కాలంల పెయింటర్లకు గిసొంటివి ఉండేనా అంకుల్?" అని అడిగిండు. ఉండేనా అంటడేంది. బట్టల కోసం ఒక మనిషి బ్రష్ మానేరు వాగుల పారేసేదాక వచ్చింది కత. బ్యానర్ అచ్చయ్యేదాక ఆనికి సగం చెప్పిన. మిగిలిన సగం చెప్పేలోపట ఇంకో గిరాకి వచ్చిండు. అందుకే మొత్తం గిక్కడ రాస్తున్న. కొత్తగ ఈ పనిలకు వచ్చేటి పిల్లలు తీరుబడిగ సదువుకోన్రి.

అప్పటికి ఫ్లెక్సీలు ఇంకా మా దిక్కు రాలే. జమ్మికుంటల బోర్డు రాయాలన్నా, గోడ రాయాలన్నా రెండే అడ్డాలు. ఒకటి మా ఉస్తాద్‌ది. రెండోది బస్టాండ్ కాడి పెయింటర్‌ది.

మా ఉస్తాద్ ఏండ్లకేండ్లు తెల్ల లాల్చి, తెల్ల పైజామా తప్ప ఇంకోటి తొడగలే. దావత్‌కు పోయేటప్పుడు కాదు, రంగు డబ్బాల నడుమ కూసున్నప్పుడు. గంజి ఎంత పెట్టిస్తుండెనంటే, విడిచిన లాల్చి గూడ కుర్చీల సక్కగ కూసునేది. పొద్దుగాల ఎట్ల వచ్చేనో మాపటికి గట్లనే ఇంటికి పోయేది. ఒక్క చుక్క ఉండకపోయేది.

"గోడ గిరాకీది, రంగు గిరాకీది. బట్టలొక్కటే నావి," అంటుండె. "నావి నేనే కాపాడుకోకపోతే, ఆని గోడ నేనేం కాపాడుత రా బేటా?"

బస్టాండ్ పెయింటర్ దీనికి పూరా ఉల్టా. ఆయన అంగి అసలు రంగేందో ఆయనకే యాదికి లేదు. హోటల్ల చాయ తాగుకుంట ఒక్కొక్క మచ్చ చూపెట్టేది. "గీ పచ్చది ఎరువుల దుకాణం. గీ నీలిది టాకీసు. గీ ఎర్రది దవాఖాన బోర్డు, ఆ డాక్టర్ ఇప్పుడు లేడు పాపం, మచ్చ ఉంది. పనిచేసేటోని మీద పని కనబడాలె. తెల్లబట్టలతోని తిరిగేటోడు లీడరన్న అయితడు, లేకుంటే ఏదన్న దాస్తుండన్నట్టు."

ఇద్దరిదీ నిజమే అనిపిస్తది వింటే. నాకు మాత్రం ఇద్దరి లెక్క ఏ సిద్ధాంతం లేకుండె. నాకు ఆర్టిస్టు లెక్క కనబడాలని ఒక్కటే పిచ్చి.

ఉస్తాద్ కాడ చేరకముందు ఏం చేసిన్నో చెప్త, నవ్వకున్రి. కొత్త అంగి కుట్టిచ్చుకొని, ఇంట్ల తలుపు ఏసుకొని, దాని మీద నేనే రంగు సల్లుకున్న. ఊకెనే సల్లలే, కొలత పెట్టి సల్లిన. భుజం మీద రెండు పసుపు, జేబు కాడ ఒక నీలం, ముంజేతి మీద అనుకోకుంట పడ్డట్టు ఒక ఆకుపచ్చ. ఆ అనుకోకుంట పడ్డదానికే అరగంట పట్టింది.

తెల్లారి అంగి దండెం మీద లేదు. మా అవ్వ దాన్ని సోడల నానబెట్టి బండకేసి కొడుతుంది. "ఎవడో పాపపుముండకొడుకు నీ కొత్త అంగి మీద రంగు పోసిండు బిడ్డా," అని తిట్టుకుంట ఉతుకుతుంది. నేనే పోసుకున్ననని ఎట్ల చెప్పాలె? మచ్చలన్ని కలిసి అంగి మొత్తం ఒక్క రంగయింది. ఆ రంగుకు పేరు లేదు. రంగు మచ్చ ఉతికితే పోదు, పాకుతదని ఆనాడు నేర్చుకున్న. అదే ఏసుకొని ఉస్తాద్ కాడికి పోయిన పని కోసం.

ఉస్తాద్ నన్ను కింది నుంచి మీదికి చూసిండు. "గీ అంగికి ఏమైంది?"

"పనిల పడ్డయి ఉస్తాద్."

"అబద్ధం. పనిల పడ్డ చుక్క మీదికెళ్లి కిందికి జారుతది. నీ చుక్కలన్ని గుండ్రంగ ఉన్నయి. కింద పరిచి సల్లినవ్," అన్నడు. అవ్వ అంత ఉతికినంక గూడ ఆ గుండ్రాలు ఎట్ల కనబడ్డయో నాకు ఇప్పటికి తెల్వది. "రేపటి సంది తెల్లబట్టలతోని రా. నీ మీద ఎన్ని చుక్కలు పడితే నీకు అంత పని రాదని లెక్క."

మొదటి దినం మాపటికి నన్ను చూసి, "పొద్దుగాల మనిషి వచ్చిండు, మాపటికి గోడ పోతుంది," అన్నడు. హోటల్ అంత నవ్వింది. మూడేండ్లయినా నా చుక్కలు తగ్గినయి గని ఆగలే. ఉస్తాద్ చెప్పింది ఓపికతోని విననీకి నాకు తొందర ఎక్కువ. మరీ ఒక్క ముచ్చట వందసార్లు చెప్పించుకున్న. "ఎరుపు మీద తెలుపు ఒక్క కోటుకు ఆగదు రా బేటా. కింది నుంచి ఎరుపు తన్నుకొని వస్తది. మొదటిది ఆరినంక రెండోది ఎయ్యాలె." నేను ఔనంటుంటి, ఒక్క కోటు ఏసి నిచ్చెన దిగుతుంటి.

ఇగ అసలు ముచ్చటకొస్త.

ఊరి బయట పత్తి జిన్నింగ్ మిల్లు ఒకటి కొత్తగ పడ్డది. ముంగటి గోడ ఈ కొస నుంచి ఆ కొస దాక రాయాలె. మీద ఎర్రగ మిల్లు పేరు, కింద పగిలిన పత్తికాయల బొమ్మలు. మిల్లు సేటు ఇద్దరు పెయింటర్లను పిలిపిచ్చి చూసిండు. ఉస్తాద్ బట్టలు చూసిండు, బస్టాండ్ పెయింటర్ బట్టలు చూసిండు, పని ఉస్తాద్‌కిచ్చిండు. తెల్ల దూది అమ్ముకునేటోనికి తెల్లబట్టలే నచ్చినయో ఏమో.

బస్టాండ్ పెయింటర్‌కు మండింది. మాపటికి హోటల్ల అందరి ముంగట అడిగిండు. "ఉస్తాద్, ఎన్నడన్న నీ మీద చుక్క పడితే ఏం చేస్తవ్?"

"పడ్డనాడు నా బ్రష్ మానేరుల ఏస్త. మళ్ల ముట్ట," అన్నడు ఉస్తాద్, చాయ ఊదుకుంట.

"నీ చెయ్యి మంచిదే, నేనేం అంట లేను. నీ శిష్యుని చెయ్యి సంగతేంది?"

హోటల్ మొత్తం నా దిక్కు తిరిగింది. ఆనాడు నా అంగి మీద, నిజం చెప్పాలంటే, ఏడు చుక్కలున్నయి.

ఉస్తాద్ నన్ను చూడలే. "ఆని చెయ్యి నా చెయ్యే. ఆని చుక్క పడ్డా నా చుక్కే."

"సరే. మిల్లు గోడ అయిపోయిననాడు అందరం కలిసి వచ్చి చూస్తం. నీ మీద ఒక్క చుక్క లేకపోతే వారం దినాలు నేను తెల్లబట్టలు ఏసుకొని తిరుగుత," అన్నడు బస్టాండ్ పెయింటర్. హోటలాయన చేతుల చెయ్యి ఏపిచ్చిండు ఇద్దరితోని.

ఉస్తాద్ మాట అంటే మాటే. బ్రష్ పారేస్త అంటే పారేస్తడు. పారేస్తే నా గతేంది? సగం నేర్చినోన్ని. ఎరుపు మీద తెలుపు వెయ్య రాదు, బట్టల మీద చుక్క ఆపరాదు. ఆ రాత్రి నా చేతులను నేనే కోపంగ చూసుకున్న.

మూడు దినాల పని. రెండు దినాలు నేను ఊపిరి బిగబట్టి పనిచేసిన. మూడో దినం నడిపొద్దు దాటింది. నేను రెండు నిచ్చెనల నడుమ కట్టిన చెక్క మీద నిలబడి మీది అక్షరాలకు ఎరుపు పూస్తున్న. ఉస్తాద్ కింద చిన్న స్టూలు మీద కూసొని పత్తికాయలకు తెలుపు దిద్దుతుండు. లాల్చి ఎనుక కొస స్టూలు మీదికెళ్లి విసనకర్ర లెక్క పరుసుకొని ఉంది. ఇంకా రెండే అక్షరాలున్నయి. అయిపోయిందిరా భగవంతుడా అని సంబురపడి బ్రష్ కొంచెం ఎక్కువ ముంచిన.

చుక్క నా కండ్ల ముంగటనే పడ్డది. పోయి పోయి ఉస్తాద్ లాల్చి కొస మీద, సరిగ్గ కూసునే జాగల. చింతగింజంత.

ఉస్తాద్‌కు తెల్వదు. ఆయన ఏదో పాట గునుక్కుంట బొమ్మ దిద్దుతుండు. గంటసేపట్ల హోటల్ మంది వస్తరు.

గాసునూనెతోని తుడుద్దామనుకున్న. మా అవ్వ ఉతికిన అంగి యాదికొచ్చింది. చింతగింజ చేతెడంత అయితది. చెప్పేద్దామనుకున్న. నోరు రాలే. అప్పుడు ఉస్తాద్ పక్కన ఉన్న తెల్ల రంగు డబ్బా కనబడ్డది. నా బుర్ర అంతకన్న ఎక్కువ పనిచెయ్యదు.

మెల్లగ నిచ్చెన దిగిన. "నీళ్ళు తాగొస్త ఉస్తాద్," అని, సన్న బ్రష్ తీసుకొని, ఆయన ఎనుక మోకాళ్ళ మీద కూసున్న. ఉస్తాద్ బొమ్మ మీదికి వంగితే లాల్చి ముంగటికి పోతది, ఎనుకకు జరిగితే లాల్చి ఎనుకకు వస్తది. నేను గూడ దానితోని ముంగటికి, ఎనుకకు ఊగుకుంట పెయింట్ ఏసిన. నిలబడ్డ గోడల మీద రాసిన, నడిచే లారీల మీద రాయలే గని ఆనాడు ఊగే మనిషి మీద ఏసిన. మిల్లు ఆడోళ్ళు ఇద్దరు దూది గంపలతోని అటే పోతూ నిలబడి, "ఏం చేస్తుండు గీ పిలగాడు ముసలాయన ఎనుక?" అన్నరు. నేను చేతులు జోడిచ్చిన. కొంగులు నోట్లె పెట్టుకొని నవ్వుకుంట పోయిండ్రు.

ఎరుపు మునిగింది. గని లాల్చి మామూలు తెలుపు, పెయింట్ నున్న తెలుపు. ఎండకు అద్దం లెక్క మెరుస్తుంది. ఇప్పుడు ఎర్ర చుక్క లేదు, దీపం ఉంది. ఏం చెయ్యాలె? చుట్టూ దూది గాలికి ఎగురుతుంది. పిడికెడు దూది తెచ్చి దాని మీద అద్దిన, మెరుపు పోతదని. మెరుపు పోయింది. దూది మాత్రం అంటుకొని ఊడి రాలే. పచ్చి పెయింట్ కదా. ఉస్తాద్ లేచి నిలబడి రెండడుగులు ఎనుకకు ఏసి బొమ్మను చూసుకుంటుండు, ఎనుక కుందేలు తోక లెక్క దూది కుచ్చు ఊగుతుంది.

ఇగ ఒక్కటే తోవ మిగిలింది. తోక ఒక్కటే ఉంటే తోక, ఒళ్ళంత ఉంటే దుమ్ము. దోసిళ్ళకొద్ది దూది తెచ్చి గాలి ఎటు వస్తదో చూసి ఉస్తాద్ మీదికి ఎగరేసుడు మొదలుపెట్టిన. ఆయన నెత్తిల, గడ్డంల, భుజాల మీద దూది.

"క్యా రే, గియ్యాల దూది గింత లేస్తుంది?" అన్నడు ఉస్తాద్, మీసం తుడుచుకుంట.

"సీజన్ ఉస్తాద్," అన్న.

ఆయన తిరిగి నా దిక్కు ఒక్క నిమిషం చూసిండు. నా చేతుల సన్న బ్రష్ ఉంది. దాన్ని ఎనుకకు దాసిన. ఉస్తాద్ పోయి స్టూలు మీద కూసొని, లాల్చి కొసను మెల్లగ సదురుకొని, మిగిలిన పత్తికాయ దిద్దిండు.

చెప్పినట్టే హోటల్ మంది వచ్చిండ్రు. ముంగట బస్టాండ్ పెయింటర్, ఎనుక ఆరేడుగురు. గోడ ఎవలు చూడలే. అంత పెద్ద గోడ, మూడు దినాల పని, ఒక్కడు తల ఎత్తలే. అందరు ఉస్తాద్ చుట్టు గుడిచుట్టు తిరిగినట్టు తిరుగుతుండ్రు.

"చేతులెత్తు ఉస్తాద్," అన్నడు బస్టాండ్ పెయింటర్. ఉస్తాద్ ఎత్తిండు. "తిరుగు." తిరిగిండు.

బస్టాండ్ పెయింటర్‌కు చూపు తక్కువ. గని కండ్లద్దాలు పెట్టుకోడు. పెయింటర్ అద్దాలు పెట్టుకుంటే గిరాకి పోతదని ఆయన నమ్మకం. మచ్చలు చూపెడతడు గని అద్దాలు దాస్తడు. ముక్కు లాల్చికి ఆనేటట్టు వంగి చూసుకుంట చూసుకుంట సరిగ్గ తోక కాడ ఆగిండు.

"గిదేంది?"

"దూది," అన్న. "మిల్లు కాడ దూది ఉండదా? మీ నెత్తిల గూడ ఉంది."

నెత్తి తడుముకున్నడు. ఉంది. గని ఆయన ఇడిసిపెట్టెటోడు కాదు. దూదిని రెండు వేళ్ళతోని పట్టుకొని గుంజిండు. సగం ఊడొచ్చింది. కింద జాగను బొటనవేలుతోని రుద్దిండు. ఎండకు ఆరి గట్టిగ ఉంది. ఇంకోసారి రుద్దిండు. నేను కండ్లు మూసుకున్న. మా ఉస్తాద్ బ్రష్ మానేరుల తేలుకుంట పోవుడు కనబడ్డది.

"ఉస్తాద్," అన్నడు బస్టాండ్ పెయింటర్ లేసి నిలబడి, "గంజి జర ఎక్కువ పెట్టిచ్చినవ్."

ఉస్తాద్ ఎత్తిన చేతులు దించిండు. తర్వాత అన్నడు. "ఔ. ఎక్కువైంది."

తెల్లారి బస్టాండ్ పెయింటర్ తెల్లబట్టలతోని హోటల్‌కు వచ్చిండు. ఎవలదో పెండ్లి అంగి అడుక్కొచ్చినట్టుంది, చేతులు మోకాళ్ళ దాక ఉన్నయి. మనిషికి నడవొస్తలేదు, కూసోవొస్తలేదు, చాయ మీద పడుతదని గిలాస ముట్టుకుంటలేడు. మంది నవ్వుడే నవ్వుడు. నేను అందరికన్న ఎక్కువ నవ్విన, దొంగోని నవ్వు కొంచెం పెద్దగనే ఉంటది కదా.

ఉస్తాద్ ఒక్కడు నవ్వలే. లేసి పోయి ఆయన భుజం మీద చెయ్యేసి, "పో భాయ్. పోయి నీ అంగి తొడుక్కొని రా. నీ అంగి మంచిగనే ఉంటది," అన్నడు.

"మాట మాటే. వారం దినాలు."

"నేనే మాఫ్ చేస్తున్న. పో."

ఎంత పెద్ద మనసు అనుకున్నరు అందరు. నేను గూడ అనుకున్న. ఆ దినం సంది ఇద్దరు ఒక్క బల్ల మీద చాయ తాగుడు మొదలైంది. ఇంకో ముచ్చట గూడ నేను చూసిన గని అర్థం చేసుకోలే. బ్రష్ మానేరుల ఏస్తనన్న మాట ఉస్తాద్ మళ్ల ఎన్నడు అనలే. మంది మచ్చల బట్టలను చూసి ఎక్కిరిచ్చుడు గూడ బంద్ చేసిండు. నా చుక్కలను లెక్కపెట్టుడు గూడ. ఆశ్చర్యమేందంటే, ఆయన లెక్కపెట్టుడు బంద్ చేసినంకనే నా మీద చుక్కలు పడుడు ఆగింది.

తర్వాత ఏండ్లకు ఫ్లెక్సీ మిషన్లు వచ్చినయి. బోర్డులు పోయినయి. నేను బడిగోడలు, సర్కారు గోడలు పట్టుకొని పెద్దపల్లి, మంథని దాక తిరిగిన. ఉస్తాద్ చెయ్యి వణుకుడు షురువైంది. ఒకనాడు రమ్మని కబురు పంపిండు.

పోతే మంచం మీద కూసున్నడు, తెల్ల లాల్చిల, గంజి కడకడ. పక్కన పేపర్ల చుట్టిన మూట. "తీసుకపో. నీదే," అన్నడు.

విప్పిన. పాత లాల్చి. మడత విప్పి ఎనుక కొస చూసిన. నేనేసిన తెల్ల పెయింట్ పెచ్చు గట్లనే ఉంది. దాని నడుమకెళ్లి ఎర్ర చుక్క గులాబి రంగుల బయటికి వచ్చి నన్ను చూస్తుంది. రెండు మూడు దూది పోగులు ఇంకా అంటుకొనే ఉన్నయి.

"మీకు తెలుసా ఉస్తాద్?"

"ముప్పై ఏండ్లు బ్రష్ పట్టినోన్ని. నా ఎనుక బ్రష్ ఆడితే నాకు తెల్వదా?"

"మరి అందరి ముంగట ఎందుకు చెప్పలే? బ్రష్ ఎందుకు పారెయ్యలే?" అని అడిగిన. నాకు కండ్లల్ల నీళ్ళు వచ్చినయి. దాసుకోలే. ఆయన మాట తప్పని మనిషి, నా కోసం మాట తప్పిండు. ఇన్నేండ్లు ఆ అబద్ధాన్ని తెల్లబట్టల మీద మోసిండు. నేను మాత్రం నేనే ఆయనను కాపాడిన అనుకొని తిరిగిన.

ఉస్తాద్ లాల్చి నా చేతులకెళ్లి తీసుకొని, ఆ గులాబి చుక్కను గోరుతోని గీకి చూపెట్టిండు.

"చూడు. ఒక్క కోటు. ఎరుపు మీద తెలుపు గూడ సక్కగ ఎయ్యరానోన్ని ఇడిసిపెట్టి, నేను బ్రష్ ఎట్ల పారెయ్యాలె రా బేటా?"

ఆ లాల్చి ఇప్పటికి మా ఇంట్ల సందుగ పెట్టెల ఉంది. మా అవ్వ ఉన్నన్ని దినాలు ఉతుకుత ఉతుకుత అంటుండె, ఇయ్యలే. రెండో కోటు ఎట్ల ఎయ్యాలెనో నాకిప్పుడు మంచిగ తెలుసు. గని ఎయ్య.